ఫ్యాషన్ డిజైన్ సీటుకు పోర్ట్‌ఫోలియో: ఏం పెట్టాలి, ఏం తీసేయాలి

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఇంటర్ అయ్యాక నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ (నిఫ్ట్)లో బి.డెస్ చేరాలనుకునే పిల్లలకు పోర్ట్‌ఫోలియో అక్కర్లేదు. అక్కడ రెండు పరీక్షలుంటాయి. బొమ్మలు గీయించి ఊహాశక్తిని చూసే క్యాట్ ఒకటి, లెక్కలు, ఇంగ్లిషు, లోకజ్ఞానం అడిగే గ్యాట్ ఇంకొకటి. వీటిలో నెగ్గినవాళ్లను సిచ్యుయేషన్ టెస్టుకు పిలుస్తారు. సామాను వాళ్లే చేతికిచ్చి, ఒక సందర్భం చెప్పి, అప్పటికప్పుడు నమూనా చేసి చూపించమంటారు. ఇంటి దగ్గర తయారుచేసిన ఫైలుకు అక్కడ మార్కులు లేవు. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో టెక్స్‌టైల్ అండ్ అపరెల్ డిజైన్ కోరుకునేవాళ్లకూ ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు అంచెల పరీక్షే. మెయిన్స్‌లో చేత్తో చేసి చూపించాల్సిన స్టూడియో టెస్టు ఉంటుంది.

ఈ మాట ముందే ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, పోర్ట్‌ఫోలియో పేరు చెప్పి వేలకు వేలు ఫీజు కట్టించుకునే కోచింగ్ సెంటర్లు మన ఊళ్లలోనూ వచ్చేశాయి. ఏ కాలేజీకి ఏం కావాలో తెలియని తల్లిదండ్రులు సరేనని కట్టేస్తున్నారు. నిబంధనలు ఏటేటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి, మీరు దరఖాస్తు చేసే ఏడాది ప్రాస్పెక్టస్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. అందులో పోర్ట్‌ఫోలియో అన్న మాట లేకపోతే ఆ డబ్బు మిగిలినట్టే.

మరి పోర్ట్‌ఫోలియో ఎవరికి కావాలి? ప్రైవేటు డిజైన్ కాలేజీలు చాలావరకు ఇంటర్వ్యూలో చూస్తాయి. ఎన్‌ఐడీలో ఎం.డెస్ ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు తమ పని వెంట తీసుకెళ్తారు. విదేశాలకు వెళ్లాలంటే ఇదే ప్రధానం. న్యూయార్క్‌లోని పార్సన్స్ డిగ్రీ కోర్సులకు 8 నుంచి 12 చిత్రాలు అడుగుతుంది. అవి చాలవన్నట్టు పార్సన్స్ ఛాలెంజ్ పేరుతో ఒక కొత్త పని, దాని వెనకున్న ఆలోచనను వివరించే వ్యాసం కూడా పంపమంటుంది. లండన్‌లోని సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ లాంటి చోట పూర్తయిన డ్రాయింగు ఎంత ముఖ్యమో, దానికి ముందు స్కెచ్‌బుక్‌లో చేసిన కొట్టివేతలు, ప్రయోగాలు కూడా అంతే ముఖ్యం.

మన పిల్లలు సాధారణంగా తడబడేది సరిగ్గా ఇక్కడే. పోర్ట్‌ఫోలియో అనగానే అందమైన బొమ్మల ఆల్బం అనుకుంటారు. పొడుగాటి కాళ్ల మోడల్, గాలికి ఎగిరే గౌను, పక్కన నాలుగు రంగుల చుక్కలు, ఇంకో పేజీలో పత్రికల నుంచి కత్తిరించి అంటించిన మూడ్‌బోర్డు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఎంపిక చేసే అధ్యాపకుడి ముందుకు అలాంటివి వందల్లో వస్తాయి. గీయడం, కత్తిరించడం, కుట్టడం నాలుగేళ్లలో ఎలాగూ నేర్పుతారు. నేర్పడం కష్టమైనది చూడటం, చూసినదాన్ని ప్రశ్నించడం, ఒక ఆలోచన పట్టుకుని విసుగు లేకుండా పది రకాలుగా తిప్పి చూడటం. ఆ గుణం ఈ అబ్బాయిలోనో అమ్మాయిలోనో ఉందా అన్నదే వాళ్లు వెతుకుతారు. ఉందని తెలియాలంటే చివరి బొమ్మ చాలదు, దానికి ముందు జరిగిందంతా కనపడాలి.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. పత్తి ఏరే రోజుల్లో ఆదిలాబాద్ వైపో, గుంటూరు వైపో చేలల్లోకి వెళ్తే, చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. తలకు తువ్వాలు, నడుముకు ఒడిలా కట్టుకున్న గుడ్డ, ఏరిన పత్తి అందులోకి. మనం చిన్నప్పటి నుంచి చూస్తున్న దృశ్యమే. ఫ్యాషన్ అనే మాటకు దానికి సంబంధమేమిటని అనిపించొచ్చు. కానీ ఇది ఎవరూ డిజైన్ చేయకుండా, అవసరం కొద్దీ ఆ ఆడవాళ్లే కుదుర్చుకున్న పనిబట్ట. పోర్ట్‌ఫోలియోకు ఇంతకంటే మంచి వస్తువు దొరకడం కష్టమని నా అభిప్రాయం.

మొదటి రెండు పేజీలు చూసినవాటికే కేటాయించండి. ఫొటోలు అడిగి తీసుకోండి. వాటికంటే అక్కడ కూర్చుని గబగబా గీసిన బొమ్మలు మేలు. గీస్తుంటే కన్ను వదిలేయలేదు. చొక్కా ఎందుకు వేసుకున్నారమ్మా అని అడగండి. ఎండకు అని ఒకరంటారు, ఎండిన పత్తికాయ డిప్పలు గీసుకుపోతాయని ఇంకొకరంటారు. చొక్కా ముందుగా ఎక్కడ చిరుగుతోంది? వంగినప్పుడు జేబులో ఫోన్ నిలుస్తోందా? ఒడి నిండాక ఆ బరువు నడుము మీద పడుతోందా, మెడ మీద పడుతోందా? మగవాళ్ల కొలతలకు కుట్టిన భుజం వీళ్లకు ఎక్కడి దాకా జారుతోంది? ఈ జవాబులు వాళ్ల మాటల్లోనే, మీ చేతిరాతతోనే పేజీ మీద ఉండనివ్వండి.

తర్వాత గుడ్డ. కోరా గుడ్డ, పాప్లిన్, పాత జీన్స్, లుంగీ గుడ్డ, దొరికిన నాలుగు రకాల ముక్కలు తీసుకోండి. ఎండిన పత్తికాయతో ఒక్కోదాన్ని ఇన్నిసార్లని లెక్కపెట్టి రుద్దండి. ఏది చిరిగింది, ఏది నిలిచింది, నిలిచినదాన్ని ఎండలో వేసుకుంటే చెమట పట్టి ఎంత ఉక్కపోస్తుంది? ఆ ముక్కల్ని రుద్దిన గుర్తులతో సహా అంటించి కింద రాయండి. జీన్స్ గట్టిదే కానీ వేడి, పాప్లిన్ చల్లనిదే కానీ గీరుకుపోతుంది అని తేలితే, మొత్తం చొక్కా ఒకే గుడ్డతో ఎందుకు ఉండాలన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. ముంజేతికి ఒక గుడ్డ, వీపుకు ఇంకొకటి. డిజైన్ అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు చిన్న చిన్న స్కెచ్‌లు, ఇరవయ్యో ముప్పయ్యో, రంగులు లేకుండా. చేయి విడిగా తొడుక్కునేదా, చొక్కాకే ఒడి కుట్టేస్తే ఏమవుతుంది, పత్తిని కిందకు వదలడానికి ఒడి అడుగున ముడి విప్పుకునేలా పెడితే ఎలా ఉంటుంది? అందులో నచ్చిన ఒకటి రెండు పాత దుప్పటితోనో కోరా గుడ్డతోనో కుట్టి చూడండి. ఎవరికైనా తొడిగి వంగమనండి, చేతులు ఎత్తమనండి. చంక దగ్గర పట్టేస్తుంది, అది ఖాయం. పాతకాలపు లాల్చీలకు చంక కింద ఒక చదరపు ముక్క అతికేవారు, చేయి హాయిగా లేవడానికి. దాన్ని ప్రయత్నించి, ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టండి. మొదటిసారి కుదరని నమూనా ఫొటోను చాలామంది దాచేస్తారు. దాన్ని పెట్టి, పక్కన బాణం గుర్తుతో "ఇక్కడ పట్టేసింది" అని రాస్తే ఆ ఒక్క పేజీ అయిదు రంగుల బొమ్మలకంటే ఎక్కువ చెబుతుంది.

ఇలాంటి ప్రాజెక్టు ఒకటి పూర్తిగా, ఇంకొకటి రెండు సగం లోతులో ఉంటే చాలు. రెండోది చేనేత మీద చేస్తానంటే నాదొక మనవి. పోచంపల్లి ఇక్కత్ గుడ్డ తెచ్చి పాశ్చాత్య గౌను కుట్టించడం దగ్గరే ఆగిపోకండి, అది అందరూ చేస్తున్నదే. నేత లోపలికి వెళ్లండి. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు వేర్వేరు పోగులను మగ్గం మీదే ఎలా కలుపుతారు, ఉతికితే నూలు ఒకలా పట్టు ఒకలా ప్రవర్తించినప్పుడు ఆ కలయిక దగ్గర ఏమవుతుంది అన్నది చూడటం మొదలుపెడితే అదే ప్రాజెక్టు. పోచంపల్లి నేత వైపు వెళ్తే చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం కథ తెలుసుకోండి. ఆసు పోయడంలో, అంటే పోగును మేకుల చుట్టూ చుట్టడంలో, చేయి అదే పనిగా అటూ ఇటూ తిప్పి తల్లి భుజం నొప్పితో బాధపడటం చూసి ఆయన ఆ యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏ డిజైన్ స్కూల్లోనూ చదవలేదు కానీ, డిజైన్ స్కూలు పిల్లల్లో వెతికే గుణం ఇదే.

బొమ్మలు గీయడం రాదే అని దిగులుపడేవాళ్లకు రెండు మాటలు. ఫ్యాషన్ బొమ్మలో మనిషిని తొమ్మిది తలల ఎత్తు గీస్తారు. నిజమైన మనిషి ఏడున్నర తలల దగ్గర ఆగుతాడు. ఆ తొమ్మిది తలల అచ్చు బొమ్మను కాపీ కొట్టడం సులువు, అందుకే అది మీ గురించి ఏమీ చెప్పదు. బస్టాండులోనో రైతుబజారులోనో కూర్చుని నిజమైన ఒళ్లు గీయండి: లావుగా, వంగి, సంచి మోస్తూ, పిల్లను చంకనేసుకుని. చేతులు గీయడం రాక జేబుల్లో దాచిన బొమ్మలను అధ్యాపకులు ఇట్టే పట్టేస్తారు. బదులుగా చేతుల మీదే ఒక పేజీ గీసి పెట్టండి, వంకరగా వచ్చినా సరే. పెన్సిల్ లొంగకపోతే గుడ్డతో గీయండి. పాత చీర ఒకటి కుర్చీ మీదో, చెల్లెలి మీదో పరిచి, పిన్నులు పెట్టి, కుచ్చిళ్ల దిశ మారుస్తూ ఒక్కో మార్పుకు ఒక్కో ఫొటో తీయండి. ఖర్చు లేదు, ఆకారం మీద పట్టు మాత్రం తెలిసిపోతుంది.

తీసేయాల్సినవాటి విషయంలో కఠినంగా ఉండాలి. సినిమా తారల పెన్సిల్ చిత్తరువులు, ఇంటర్నెట్ చూసి వేసిన కాపీలు, స్కూల్లో బహుమతి వచ్చిన సీనరీ, ఇవేవీ వద్దు. అమ్మకు సీనరీ నచ్చుతుంది, అది వేరే సంగతి. ఏఐతో చేయించిన చిత్రాలు వాడితే ఎక్కడ, ఎందుకు వాడారో రాయండి. ఇంటర్వ్యూలో వేసే ప్రశ్నలన్నీ చివరికి "ఇలాగే ఎందుకు?" దగ్గరికే వస్తాయి. మీ చేతిలో పుట్టని బొమ్మకు ఆ జవాబు ఉండదు.

మిగతాది చాలావరకు సర్దుబాటే. స్కూలు చెప్పిన సంఖ్య దాటొద్దు. సంఖ్య చెప్పకపోతే 15 నుంచి 20 పేజీలు ధారాళం. అన్నిటికంటే లోతైన ప్రాజెక్టును ముందు పెట్టండి, చివరి దాకా తిప్పుతారన్న నమ్మకం లేదు. ఫొటోలు కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. కుట్టిన బట్టను ముందు, వెనక, పక్క నుంచి తీశాక, తిరగేసి లోపలి కుట్లు కూడా తీయండి. పని శుభ్రత లోపలి వైపే తెలుస్తుంది. డిజిటల్ ఫైలు అయితే ఒకే పీడీఎఫ్ చేసి, ఫోన్‌లో తెరిచి చూసుకోండి. చేతిరాత అక్కడ చదవగలిగితే ఎక్కడైనా చదవగలుగుతారు.

మగ్గం వర్క్ బయట చేయించినా, జాకెట్టు వీధి చివరి టైలర్ కుట్టినా దాచాల్సిన పనిలేదు. డిజైన్ నాది, కటింగ్ నాది, కుట్టినది ఫలానా వారు అని బొమ్మ కింద చిన్న అక్షరాల్లో రాస్తే చాలు. టైలర్ చేత ఏ మార్పు చేయించారో, ఎందుకు చేయించారో చెప్పగలిగితే అదీ మీ పనిలో భాగమే. నేరుగా ఇంటర్వ్యూకు పిలిచిన చోటికి స్కెచ్‌బుక్‌తో పాటు కోరా గుడ్డ నమూనాను కూడా సంచిలో పెట్టుకెళ్లండి. బట్టలతో పనిచేసేవాళ్లు ఫొటో చూసి ఊరుకోరు, చేత్తో పట్టుకుని కుట్టు తిరగేసి చూస్తారు.