బెయిలొచ్చింది... మరి మందులు?

కోర్టు రిమాండు మామూలుగా 14 రోజులు. వైవాక్స్ మలేరియాకు వాడే ప్రైమాక్విన్ కోర్సు కూడా 14 రోజులే. చర్ల మండలం నుంచి ఏదో కేసులో ఇరుక్కుని ఖమ్మం జిల్లా జైలుకొచ్చిన కోయ కుర్రాడికి లోపల చలిజ్వరం వచ్చిందనుకోండి. రక్తపరీక్ష చేసి మాత్రలు మొదలెట్టారు. ఐదో రోజు సాయంత్రం బెయిలు కాగితం వచ్చింది. రిజిస్టర్లో వేలిముద్ర వేసి, సెల్‌ఫోను, జేబులో మిగిలిన నోట్లు తీసుకుని భద్రాచలం బస్సెక్కాడు. జ్వరం తగ్గింది కాబట్టి మిగతా మాత్రల సంగతి అతనడగలేదు, ఇంకెవరూ గుర్తుచేయలేదు. కాలేయంలో నక్కిన క్రిమి మాత్రం పోలేదు. కొన్ని వారాలకో నెలలకో, సరిగ్గా పోడు పనుల మధ్యలో, మళ్లీ మంచాన పడేస్తుంది.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. బెయిలు మాత్రం నిజంగానే డాక్టర్ని అడిగి రాదు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే, వాళ్లలో నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలే. శిక్షపడినవాడికి విడుదల తేదీ ముందే తెలుస్తుంది, మందుల పొట్లం కట్టి ఉంచొచ్చు. విచారణ ఖైదీకి ఆ వీలు లేదు. అందుకే బయటికెళ్లే రోజు చూడాల్సిన పనిని లోపలికొచ్చిన రోజే మొదలెట్టాలి. ఏ ఊరు, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆశా కార్యకర్త ఎవరు అన్నది ఆ రోజే రాసుకోవాలి.

పైగా ఇక్కడి రాష్ట్రాల సరిహద్దు తిక్కది. భద్రాచలం పట్నం పొలిమేర దాటితే ఎటపాక, అది 2014 నుంచి ఆంధ్రప్రదేశ్. చింతూరు మీదుగా ఇంకాస్త పోతే కుంట, అది ఛత్తీస్‌గఢ్. ఒకే కోయ చుట్టరికం మీద మూడు ప్రభుత్వాలు. చెక్‌పోస్టులో దొరికిన గంజాయి కేసులు, అడవిలో పోడు కేసులు మూడు వైపుల మనుషుల్నీ జైలుకు చేరుస్తాయి. 2021లో కొణిజర్ల మండలం ఎల్లన్ననగర్ పోడు గొడవలో పసిపిల్లల తల్లులు కూడా ఖమ్మం జైలుకెళ్లారు. బిడ్డకు టీకా ఎప్పుడు పడాలో ఊళ్లో ఏఎన్ఎంకు తెలుసు. బిడ్డ జైల్లో ఉన్నప్పుడు ఆ కార్డు ఎవరు చూడాలి?

క్షయ విషయంలో కాస్త దారి ఉంది. రోగి పేరు ప్రభుత్వ క్షయ రికార్డు ‘నిక్షయ్’లో ఎక్కితే ఆ నంబరు దేశమంతా చెల్లుతుంది. చికిత్స ఖమ్మంలో మొదలై కుంటలో ముగియొచ్చు. 35 నుంచి 49 కిలోలు తూగే మనిషికి రోజుకు మూడు మాత్రలు, మామూలుగా ఆరు నెలలు. ఆ మాత్రల్లోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగేనని ముందే చెప్పకపోతే హడలిపోయి మానేసేవాళ్లుంటారు. పోషణకిచ్చే డబ్బును 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు చేశారు. అది పడాలంటే బ్యాంకు ఖాతా పనిచేస్తూ ఉండాలి.

ఫిట్స్, మానసిక జబ్బు, సారా మాన్పించే చికిత్సకు అంత పక్కా ఏర్పాటు లేదు. తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్లకు పని చూపిస్తోంది, మెచ్చుకోవాల్సిందే. ఫిట్స్ మాత్ర ఆగినవాడు ఆ బంకులో ఎన్నాళ్లు నిలబడతాడు?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30 వేల మందిపై జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లకు చావు ముప్పు ఇతరులకంటే 12.7 రెట్లని తేలింది. అక్కడ ప్రధాన కారణం మత్తుమందులు మోతాదు మించడం, మన అడవి అంచు జబ్బులు వేరు. అయితే గేటు దాటగానే పట్టించుకునే దిక్కు లేకపోవడం అక్కడా ఇక్కడా ఒకటే. చికిత్స మధ్యలో తెగకూడదని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 24వది చెబుతోంది. నార్వే 1988లోనే జైలు వైద్యాన్ని స్థానిక మునిసిపాలిటీలకు అప్పగించింది. లోపల చూసేదీ బయట చూసేదీ ఒకే వ్యవస్థ అయింది. మన దగ్గర జైలు హోంశాఖది, పీహెచ్‌సీ ఆరోగ్య శాఖది. మధ్యలో పడి నలిగేది రోగి.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. విడుదలైనవాడి జబ్బు సమాచారం పోలీస్ స్టేషన్ మీదుగా పోకూడదు. ఖాకీ చొక్కా గుమ్మంలోకొచ్చి ‘మాత్రలేసుకుంటున్నావా’ అంటే మనిషి అడవి దాటి అవతలి రాష్ట్రంలో తేలతాడు, మాత్రలు గూట్లో ఉండిపోతాయి. రోగి ఒప్పుకుంటే జైలు డాక్టరు నేరుగా పీహెచ్‌సీకి ఫోన్ చేయాలి. జబ్బు, మందు, ఎన్ని రోజులు మిగిలిందన్నది చెబితే చాలు, కేసు సంగతి ఆశాకు అక్కర్లేదు. చేతికి నెల మాత్రలు, చదవగలిగే అక్షరాల్లో ఒక చీటీ ఇవ్వాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, శంకుస్థాపన అంతకన్నా అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ పట్టడం లేదు.

చిక్కంతా చిరునామాతోనే. మావోయిస్టులకు ఎదురుగా సాగిన సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయలు రిజర్వు ఫారెస్టులో గూడేలు కట్టుకున్నారు. వాటిలో చాలావాటికి రెవెన్యూ గుర్తింపు లేదు. జైలు రికార్డులో ఊరి పేరుగా దగ్గరి పంచాయతీ పేరు పడుతుంది. ఆ పేరు పట్టుకుని వెతికితే మనిషి దొరకడు. ఏ వాగు దాటి, ఏ చెలమ దగ్గర మలుపు తిరగాలో దోమతెరలు పంచడానికి అక్కడిదాకా నడిచిన ఆశాను అడగాలి.