నొప్పి లేని గడ్డ... నడకకు అడ్డు!

తొడ మీద ఓ గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు. 'కొవ్వు గడ్డేలే' అని వదిలేస్తారు చాలామంది. అలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. కానీ వాటి మధ్య అరుదుగా దాక్కుని ఉండేదే... సార్కోమా!

కండరాలు, కొవ్వు, నరాలు, రక్తనాళాలు... ఇలాంటి మెత్తటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్‌ ఇది. 50కి పైగా రకాలున్నాయి. పెద్దలకొచ్చే క్యాన్సర్లలో దీని వాటా సుమారు ఒక్క శాతమే. కాళ్లూ చేతుల్లో, ముఖ్యంగా తొడలో ఎక్కువగా కనిపిస్తుంది.

తొడ కండరాలు పెద్దవి. లోపల గడ్డ పెరుగుతున్నా చాన్నాళ్లు బయటపడదు. పెరిగేకొద్దీ పక్కనున్నవాటిని నెట్టడం మొదలుపెడుతుంది. మోకాలి దగ్గరుంటే కాలు పూర్తిగా ముడవదు, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం కష్టమవుతుంది. తొడ వెనక సయాటిక్‌ నరాన్ని నొక్కితే తిమ్మిర్లు వస్తాయి. ఒక్కోసారి పాదం పైకి లేవదు. నడుస్తుంటే వేళ్లు నేలకు తగులుతాయి, కాలి చెప్పు జారిపోతుంది. వయసు మీదపడిందనో, నరం పట్టేసిందనో సరిపెట్టుకుంటే విలువైన కాలం కరిగిపోతుంది.

ఒకప్పుడు ఈ జబ్బొస్తే కాలో చెయ్యో తీసేయడమే వైద్యం. అమెరికా జాతీయ క్యాన్సర్‌ సంస్థ వైద్యులు 43 మందిపై చేసిన అధ్యయనం 1982లో వెలువడింది. 16 మందికి అవయవం తొలగించారు. 27 మందికి గడ్డ మాత్రం తీసి రేడియేషన్‌ ఇచ్చారు. ప్రాణాలు నిలవడంలో రెండు బృందాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ఇప్పుడు ఎక్కువమందికి అవయవం దక్కుతోంది.

అయితే కాలు దక్కినంత మాత్రాన పాత నడక వెంటనే రాదు. గడ్డతోపాటు చుట్టూ కొంత మంచి కండనూ తీయాలి. తొడ ముందు కండ ఎక్కువగా పోతే మెట్లెక్కడం కష్టమే. రేడియేషన్‌ వల్ల కణజాలం గట్టిపడి కీలు బిగుసుకోవచ్చు. అందుకే సర్జన్‌తో సమానంగా ఫిజియోథెరపిస్టు అవసరం. పాదం లేవనివారికి పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ సాయపడుతుంది.

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా ఆలస్యం చేయకూడదు. మర్దనలు, కాపడాలు పనికిరావు. ముందు ఎమ్మారై, తర్వాత సూదితో ముక్క తీసి పరీక్ష... ఆ తర్వాతే కత్తి. ఏమిటో తేలకుండా కోస్తే క్యాన్సర్‌ కణాలు చుట్టుపక్కలకు పాకి, రెండో ఆపరేషన్‌ మరింత పెద్దదవుతుంది. కాలు కాపాడుకునే అవకాశమూ తగ్గుతుంది.