ఫోను ఛార్జింగ్ పోర్టులోంచి టీవీకి బొమ్మ వస్తుందా? వైరు కొనే ముందు చూసుకోండి



ఈ మధ్య మన గ్రూపుల్లో చాకీ పెంపకం మీద, ఊజీ ఈగ మీద, మల్బరీ తోటల మీద వీడియోలు బాగా తిరుగుతున్నాయి. కానీ ఆరంగుళాల తెర చుట్టూ పదిమంది తలలు పెట్టి చూస్తే ఎవరికీ ఏదీ సరిగ్గా కనబడదు. మనకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. హోసూరు వైపు వాళ్లకు తమిళంలో, చింతామణి, శిడ్లఘట్ట వైపు వాళ్లకు కన్నడలో వీడియోలు వస్తాయి. మాట అర్థమవుతుంది గానీ తెర మీద రాసిన మందు మోతాదు చదవడం మన పెద్దవాళ్లలో చాలామందికి రాదు. అందుకని మధ్యలో ఆపి, తెలుగులో చెప్పుకుంటూ చూడాలి. దానికి పెద్ద తెర కావాలి, నలుగురికీ వినపడే శబ్దం కావాలి. ఇంట్లో టీవీ ఉంది, చేతిలో ఫోను ఉంది. ఈ రెండిటినీ కలిపే దగ్గరే డబ్బులు వృథాగా పోతున్నాయి.

ఎలా పోతున్నాయంటే: ఛార్జింగ్ వైరు ఒక కొస ఫోనుకు, రెండో కొస టీవీ వెనకాల యూఎస్‌బీ రంధ్రానికి పెడతాం. ఫోను ఛార్జింగ్ ఎక్కుతుంది, అంతే. ఆ రంధ్రం పెన్‌డ్రైవ్ చదవడానికి పెట్టింది, బొమ్మ తీసుకోవడానికి కాదు. అప్పుడెవరో "హెచ్‌డీఎంఐ వైరు కావాలి" అంటారు. అంగడికి పోయి ఒక కొస టైప్-సి, ఇంకో కొస హెచ్‌డీఎంఐ ఉన్న వైరు వందలు పోసి తెస్తాం. పెడితే టీవీలో "నో సిగ్నల్". వైరు అమ్మినాయన ఫోనులో తప్పంటాడు, ఫోను అమ్మినాయన వైరులో తప్పంటాడు. చాలాసార్లు ఇద్దరి సరుకులోనూ తప్పుండదు. ఆ ఫోనులోంచి బొమ్మ బయటికి వచ్చే దారే పెట్టి ఉండదు.

టైప్-సి పోర్టు లోపల 24 కాంటాక్టులు ఉంటాయి. పైన 12, కింద 12. అందులో కొన్ని కరెంటుకు, రెండు జతలు మామూలు ఫైళ్ల రాకపోకలకు. మిగిలినవాటిలో నాలుగు జతలు వేగంగా డేటా పోయే లైన్లు. బొమ్మను టీవీకి పంపే పద్ధతిని డిస్‌ప్లే పోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు, 2014లో వచ్చింది. ఆ బొమ్మ ఈ వేగం లైన్ల మీదే నడుస్తుంది. చవక ఫోన్లు తయారుచేసేవాళ్లు పోర్టు అదే ఆకారంలో పెడతారు గానీ ఆ లైన్లను లోపలి బోర్డుకు కలపరు. తోటలో డ్రిప్ లేటరల్స్ అన్నీ పరిచి మెయిన్ లైనుకు తగిలించకుండా వదిలేసినట్టు. పైనుంచి చూస్తే అన్నీ ఉన్నట్టే కనపడుతుంది, చుక్క నీళ్లు రావు. కాబట్టి ఏదో యాప్ ఎక్కిస్తే, సెట్టింగు మారిస్తే ఈ వైరు పనిచేస్తుందని ఎవరన్నా చెబితే నమ్మొద్దు.

మరి ఏ ఫోన్లలో ఉంది? శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరుసలో 2017 నాటి ఎస్8 నుంచి ఉంది. ఐఫోన్లలో 2023లో వచ్చిన 15 వరుస నుంచి టైప్-సి వచ్చింది, దాంతోపాటే టీవీకి బొమ్మ పంపడమూ వచ్చింది. అంతకుముందు ఐఫోన్లకు ఉండే లైట్నింగ్ పోర్టుకు వేరే అడాప్టర్ కొనాలి. గూగుల్ పిక్సెల్ 8కి 2024లో అప్‌డేట్ ద్వారా ఇచ్చారు. ఇవన్నీ ఖరీదు ఫోన్లే. మనలో ఎక్కువమంది వాడే పది పదిహేను వేల ఫోన్లలో ఇది దాదాపు ఉండదు.

కొనే ముందు ఫోను వివరాల్లో యూఎస్‌బీ అని రాసిన వరుస చదివించుకోండి. పక్కన 2.0 అని ఉంటే, ఆండ్రాయిడ్ ఫోను అయితే, ఆ వైరు ఆలోచన అక్కడే వదిలేయండి. 3.1 గానీ 3.2 గానీ ఉంటే ఆశ పెట్టుకోవచ్చు, కానీ అది ఒక్కటే చాలదు. పాత పిక్సెల్ ఫోన్లలో వేగం లైన్లున్నా బొమ్మ బయటికి రానిచ్చేవాళ్లు కాదు. డిస్‌ప్లే పోర్ట్ అన్న మాట విడిగా కనపడాలి. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, ఫోను జేబులో పెట్టుకుని పోయి అంగట్లోనే టీవీకి పెట్టించి చూసి డబ్బులివ్వడం. పెట్టి చూపించనంటే ఇంకో అంగడి చూసుకోండి.

ఇంకా కొంతమంది దగ్గర పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్లున్నాయి. వాటికి ఎంహెచ్‌ఎల్ అనే పద్ధతి 2010లో వచ్చింది, కొన్ని మోడళ్లలోనే ఉండేది, తర్వాత కంపెనీలు వదిలేశాయి. ఆ అడాప్టర్లు ఇప్పుడు ఎక్కడన్నా కనపడినా వాటి జోలికి పోకండి.

సరే, బొమ్మ బయటికి రాదు. కానీ ఫైలు బయటికి వస్తుంది! ఇది చాలామంది పట్టించుకోని సంగతి. మామూలు 2.0 పోర్టు అయినా ఓటీజీ ఉంటే పెన్‌డ్రైవ్‌ను చదువుతుంది, రాస్తుంది. ఒక కొస టైప్-సి, ఇంకో కొస మామూలు యూఎస్‌బీ ఉన్న పెన్‌డ్రైవ్‌లు దొరుకుతాయి. అది ఫోనుకు పెట్టి, ఫైల్స్ యాప్‌లో వాట్సాప్ వీడియోల ఫోల్డర్ తెరిచి, కావాల్సినవి కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్ తీసి టీవీకి పెట్టండి. టీవీ రిమోట్‌తోనే ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు, సిగ్నల్ లేని ఊళ్లో కూడా నడుస్తుంది. మీటింగు మధ్యలో ఫోను మోగి వీడియో ఆగిపోయే బాధ కూడా లేదు. నా మట్టుకు నాకు మన అవసరానికి ఇదే అన్నిటికన్నా మంచి దారి అనిపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే పాత టీవీలు కూడా చదువుతాయి, కాకపోతే ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. ఇక మీ ఫోను కెమెరాతో తీసిన వీడియో టీవీలో శబ్దమే వచ్చి బొమ్మ రాకపోతే, కెమెరా సెట్టింగుల్లో హెచ్.265 లేదా హెచ్‌ఈవీసీ అన్నది ఆపేసి మళ్లీ తీయండి. ఎక్కువ పాత టీవీలకు అది అర్థం కాదు.

ఒప్పో, వివో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో ఓటీజీ సెట్టింగు చాలా మోడళ్లలో విడిగా ఉంటుంది. ఆన్ చేసినా పది నిమిషాలు వాడకపోతే దానంతట అదే ఆగిపోతుంది. పెన్‌డ్రైవ్ చెడిపోయిందని పారేసే ముందు అది చూడండి.

అప్పటికప్పుడు ఫోను తెర ఉన్నదున్నట్టు టీవీలో కనపడాలంటే వైరు లేని దారి ఉంది. శాంసంగ్‌లో స్మార్ట్ వ్యూ అని, మిగతావాటిలో కాస్ట్ అని, వైర్‌లెస్ డిస్‌ప్లే అని పేర్లుంటాయి. ఇందులో మిరాకాస్ట్ రకానికి ఇంట్లో వైఫై పెట్టె లేకపోయినా ఫరవాలేదు, ఫోను నేరుగా టీవీతో మాట్లాడుతుంది. గూగుల్ కాస్ట్ రకానికి మాత్రం రెండూ ఒకే వైఫైలో ఉండాలి. టీవీ స్మార్ట్ టీవీ కాకపోతే ఇవి సాధారణంగా టీవీలో ఉండవు. వైరే కావాలంటే డిస్‌ప్లేలింక్ అనే చిప్పు ఉన్న అడాప్టర్లు వేరే ఉన్నాయి, వాటికి ఫోనులో యాప్ ఎక్కించాలి. బొమ్మను కుదించి మామూలు డేటాలాగా పంపుతాయి కాబట్టి 2.0 ఫోన్లకూ నడుస్తాయి. బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది, ధర ఎక్కువ. మీటింగులు తరచుగా పెట్టే సంఘాలకైతే సరే, ఒక్క ఇంటికి దండగ.

అసలు మనకు అప్పటికప్పుడు చూపించాల్సిన అవసరం ఎంత? దీని గురించి కొంచెం ఆలోచించండి. పురుగుకు జబ్బొచ్చిందని అనుమానం వస్తే రెండు మూడు పురుగులను ఆకులో చుట్టుకుని పక్క ఊరి అనుభవస్తుడి దగ్గరికి పట్టుకుపోవడం మనలో ఇంకా ఉంది. గ్రాసరీ అయితే ఆ పురుగు చర్మం చిట్లి కారే పాలలాంటి ద్రవంలోనే వైరస్ ఉంటుంది. మస్కార్డిన్ అయితే గట్టిపడిన పురుగు మీది తెల్ల పొడి గాలికి లేస్తుంది. మనం అడగడానికి పోయి అవతలివాళ్ల షెడ్డుకు అంటించి వస్తాం. అదే వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతే పురుగు మీ షెడ్డు దాటదు. ఫోను కూడా అంతే. షెడ్డులోకి పోయేటప్పుడు కాళ్లూ చేతులూ మందునీళ్లలో కడుక్కుంటాం, ఫోను మాత్రం అదే జేబులో నాలుగు షెడ్లు తిరుగుతుంది.

వీడియో తీసేటప్పుడు బల్బు వెలుతురులో కాకుండా పగటి వెలుతురులో తీయండి. ముందు తట్టంతా, తర్వాత పురుగు మొత్తం, తర్వాత కణుపుల మధ్య ఉబ్బు ఉందా, ఊజీ ఈగ గుడ్డు పెట్టిన చోట నల్ల మచ్చ ఉందా అన్నది దగ్గరగా. రెట్ట కూడా చూపించండి, అది పలచగా ఉందా గట్టిగా ఉందా అన్నది చెప్పేవాళ్లకు పనికొస్తుంది. టీవీలో చూసేటప్పుడు పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే స్టాండర్డ్‌కు మార్చండి. వివిడ్‌లో రంగులు ముదిరి, మామూలుగా జ్వరానికి కూర్చోబోయే పురుగు కూడా జబ్బు పురుగులా పచ్చగా కనపడుతుంది. ఇక పెబ్రిన్‌ను ఏ టీవీలోనూ తేల్చలేం, దానికి మైక్రోస్కోప్ పరీక్షే.

ఇప్పుడు శబ్దం. గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ రంధ్రం మీ ఫోనుకు ఉంటే అదృష్టవంతులు, ఈ విషయంలో ఖరీదు ఫోన్ల కన్నా చవక ఫోన్లే నయం. ఒక కొస 3.5, రెండో కొస ఎరుపు తెలుపు పిన్నులున్న వైరుతో నేరుగా మైక్‌సెట్ యాంప్లిఫయర్‌కు పెట్టుకోవచ్చు. ఆ రంధ్రం లేకపోతే టైప్-సి నుంచి 3.5కి మార్చే బుల్లి అడాప్టర్ కావాలి. ఇవి చూడటానికి ఒకేలా ఉండే రెండు రకాలు. ఒక రకంలో వట్టి వైర్లే ఉంటాయి, ఫోనే శబ్దాన్ని తయారుచేసి పోర్టులోంచి పంపాలి. అలా పంపే ఫోన్లు కొన్నే. రెండో రకంలో డ్యాక్ అనే చిన్న చిప్పు ఉంటుంది, ఫోను అంకెల రూపంలో పంపిన శబ్దాన్ని అదే మారుస్తుంది. ఇది దాదాపు అన్ని ఫోన్లకూ సరిపోతుంది. అంగట్లో "డ్యాక్ ఉన్నది ఇవ్వండి" అని అడగండి. కొంచెం ధర ఎక్కువైనా ఇదే తీసుకోండి. యాంప్లిఫయర్‌ను ముందు బాగా తగ్గించి, ఫోను శబ్దం ముప్పావు వరకు పెంచి, ఆ తర్వాత యాంప్లిఫయర్ పెంచుకుంటూ పోతే గరగర రాదు.

ఈ వైర్లన్నీ పనిచేయాలంటే పోర్టు బాగుండాలి. మన పనిలో దానికి ఉన్నంత గండం ఇంకెవరి పనిలోనూ లేదేమో. చాకీ దశలో గదిలో 27, 28 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ పెడతాం. బ్లీచింగ్ పౌడర్, సున్నం చల్లుతాం. తేమలో బ్లీచింగ్ పౌడర్ నుంచి వచ్చే క్లోరిన్ లోహాన్ని తింటుంది. అదే చోట ఛార్జింగ్ పెడితే కరెంటు ప్రవాహం వల్ల కాంటాక్టులు ఇంకా తొందరగా పాచిపడతాయి. ఛార్జింగ్ ఎక్కుతోంది కదా, పోర్టు బాగానే ఉందనుకోవద్దు. కరెంటుకు నాలుగు కాంటాక్టులు, ఎర్త్‌కు నాలుగు ఉంటాయి, ఒకటి రెండు పాడైనా ఛార్జింగ్ ఆగదు. డేటా, శబ్దం, బొమ్మ నడిచే కాంటాక్టుల్లో మాత్రం ఒకటి పాడైనా ఆ పని ఆగిపోవచ్చు. నిన్నటిదాకా చదివిన పెన్‌డ్రైవ్ ఇవాళ చదవకపోతే ముందు పోర్టులోకి టార్చి వేసి చూడండి.

షెడ్డు కడిగి మందు కొట్టే రోజుల్లో ఫోను బయటే పెట్టండి. ఛార్జింగ్ ఎప్పుడూ ఇంట్లోనే. పోర్టులో దుమ్ము చేరితే ఫోను ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో నిదానంగా తీయండి. సూది, పిన్నీసు వద్దు, మధ్యలో ఉన్న సన్నటి నాలుక విరిగితే పోర్టే మార్చాలి. నోటితో ఊదితే తేమ లోపలికి పోతుంది. ఫోను తడిసిందని హెచ్చరిక వస్తే బియ్యం డబ్బాలో పెట్టకుండా ఫ్యాను గాలికి ఆరనివ్వండి, బియ్యం పిండి కూడా ఆ రంధ్రంలోకే పోతుంది.

మీ ఫోను మోడలు, ఏ వైరు పెట్టారు, బొమ్మ వచ్చిందా రాలేదా అన్నది గ్రూపులో రాయండి. రానివి కూడా తప్పకుండా రాయండి, అదే ఫోను ఉన్న ఇంకో రైతుకు ఆ వైరు డబ్బులు మిగులుతాయి.