కొండ మీద పప్పు ఎందుకు ఉడకదు?

పాచిపెంట దాటి సుంకి ఘాటీ ఎక్కి కొరాపుట్ వెళ్తే, మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. తప్పు పప్పుది కాదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. ఎంత తక్కువకి?

సముద్రమట్టం దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. కాబట్టి మ = 100 − క × ఎ అనుకుందాం. 'మ' మరిగే వేడి, 'ఎ' మీటర్లలో ఎత్తు. ఇక 'క' సంగతి తేలాలి. దాదాపు 900 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 దగ్గర మరుగుతాయి. 3ని 900తో భాగిస్తే క = 1/300. ఎవరెస్టు మీదా ఈ లెక్క సుమారు 70 అనే చెబుతుంది, నిజంగా మరిగేదీ దాదాపు అక్కడే. ఇంత చిన్న సూత్రానికి అది గొప్పే!

ఇప్పుడు దీన్నే తిరగేద్దాం: ఎ = 300 × (100 − మ). థర్మామీటరు, మరిగే నీళ్లు ఉంటే చాలు, కొండ ఎత్తు తెలుస్తుంది. 1848లో హిమాలయాలకు వెళ్లిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఎత్తులు కొలిచిన పద్ధతుల్లో ఇదొకటి.

చిక్కల్లా వాయుగుండం పట్టిన రోజున. పీడనం పడిపోయి, కొండ పెరిగినట్టు లెక్క వస్తుంది. అందుకే 100 తీసేసి, అదే రోజు కొండ కింద పాచిపెంటలో నీళ్లు మరిగిన డిగ్రీ అక్కడ పెట్టాలి. అప్పుడు వచ్చేది పాచిపెంట నుంచి ఎక్కిన ఎత్తు. థర్మామీటరు మాత్రం జాగ్రత్తగా చదవాలి: అర డిగ్రీ తేడా పడితే 150 మీటర్లు తప్పుతుంది.