యెస్ నొక్కే ముందు

ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేస్తాం. తెర మసకబారి, మధ్యలో ఒక పెట్టె వచ్చి నిలబడుతుంది: ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా? చాలామంది చదవకుండానే యెస్ నొక్కేస్తారు. నా దిగులంతా ఆ చదవకపోవడం గురించే.

ఆ పెట్టెను చూపించే ఏర్పాటు పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్. 2007లో విండోస్ విస్టాతో ఇళ్లలోకి వచ్చింది. అంతకుముందు ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్లలో చాలావరకు అడ్మినిస్ట్రేటర్‌గానే లాగిన్ అయ్యేవారు. దాంతో తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కూ, దాని చాటున వచ్చిన వైరస్‌కూ తాళంచెవుల గుత్తి మొత్తం చేతికందేది. విస్టా నుంచి, అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌లో ఉన్నా ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే మొదలవుతాయి. అంతకుమించి కావాలంటే మనల్ని అడగాలి. తెర మసకబారడం అలంకారం కాదు. ఆ ప్రశ్న వేరే డెస్క్‌టాప్ మీద వస్తుంది. మన బదులు మరో ప్రోగ్రామ్ యెస్ నొక్కేయకుండా ఆ ఏర్పాటు.

చూడవలసినవి రెండే. ఇప్పుడు దీన్ని తెరిచింది నేనేనా? పబ్లిషర్ దగ్గర ఏ పేరుంది? డిజిటల్ సంతకం ఉంటే పేరు కనిపిస్తుంది, లేకపోతే ‘అన్‌నోన్’ అని ఉంటుంది. సంతకం లేనంత మాత్రాన చెడ్డదని కాదు, ఆ ఖర్చు భరించలేని చిన్న డెవలపర్లు ఉన్నారు. కానీ బ్యాంకు పేరుతో వచ్చిన ఫైల్‌కు సంతకం లేకపోతే ఆలోచించకుండా నో నొక్కండి.

ఏదో ఒక పాత ప్రోగ్రామ్ రోజూ అడుగుతోందని సెట్టింగుల్లో ఈ ప్రశ్నలను నియంత్రించే స్లైడర్‌ను అట్టడుగుకు లాగేసేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక్కదాని విసుగుకు ఇల్లంతా తలుపులు తీసిపెట్టినట్టవుతుంది. ముందు ఆ ప్రోగ్రామ్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ చూడండి. అడ్మినిస్ట్రేటర్‌గా నడపమనే టిక్ ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉండవచ్చు. తీసేస్తే అడగడం ఆగిపోవచ్చు. నిజంగానే ఆ హక్కులు కావాలంటే, టాస్క్ షెడ్యూలర్‌లో అత్యధిక హక్కులతో నడిచే టాస్క్‌గా పెట్టుకుంటే ప్రశ్న రాదు. అయితే ఆ ఫైల్ డౌన్‌లోడ్స్‌లో ఉండకూడదు, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే ఉండాలి. ఎవరైనా మార్చగలిగే చోట ఉంటే, దాని స్థానంలో మరొకటి పెట్టి అవే హక్కులు కాజేయవచ్చు.

అన్నిటికన్నా నాకు నమ్మకమైనది, రోజువారీ పనికి స్టాండర్డ్ అకౌంట్. అప్పుడు యెస్ ఒక్కటే సరిపోదు, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టాలి. అమ్మ కంప్యూటర్‌లో అలాగే పెట్టాను. పెట్టె వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేసి, పబ్లిషర్ పేరు అక్షరం అక్షరం చదివి వినిపిస్తుంది.