వెన్నునీటి సాక్ష్యము

విడువని తలనొప్పి, వాంతులు, మసకబారిన చూపు కూడివచ్చినప్పుడు కపాలములో ఒత్తిడి హెచ్చినదని వైద్యుడు శంకించును గాని, దానికి మూలమేదియో ఆ లక్షణములవలన తేలదు. సాగుట యెఱుగని ఆ యస్థిపేటికలో మెదడును, రక్తమును, వెన్నులోనికిని వ్యాపించు స్వచ్ఛద్రవమును ఇమిడియుండుటచేత, లోన కంతి పెరిగినను, రక్తమును దించు సిరలో గడ్డకట్టినను, మెదడు పొరలకు క్షయ సోకినను, ఎంటిరోవైరసులవంటి సామాన్య వైరసులచే ఆ పొరలు వాచినను, రోగి చెప్పుకొను బాధ ఇంచుమించు ఒక్కతీరుగనే యుండును.

వైరసువలని పొరలవాపున సాధారణముగా జ్వరమును, మెడబిగువును తోడుండును. ఒత్తిడి పెరిగినను స్వల్పమే. ఎప్పుడో యొకప్పుడు మాత్రము జ్వరము పొడచూపకయో, వచ్చి తగ్గిపోయియో, ఒత్తిడి మిక్కుటమై, కంటినాడి మొదలు ఉబ్బి, స్కానింగులో కంతి కానరాక, ఆ వ్యాధి వేరొకదాని వేషము దాల్చును. ఆ వేరొకటి, స్థూలకాయులైన యువతులలో తఱచుగా కనిపించు, హేతువు తెలియని కపాలపీడనము.

ఈ చిక్కు పాతది. నడుమువద్ద వెన్నుపూసల సందున సూది గ్రుచ్చి ఆ ద్రవమును తీయు విధానమును 1891లో ప్రకటించిన జర్మను వైద్యుడు హైన్రిక్ క్వింకెయే, కంతి లేకయే ఒత్తిడి హెచ్చిన రోగులను చూచి, అది పొరలలో నీరూరుటవలని వాపని తలచి, సీరస్ మెనింజైటిస్ అని పేరిడెను. అట్టి పీడనమునకు 1904లో మాక్స్ నొన్నె అను వైద్యుడు మిథ్యాకంతి యని నామకరణము చేసెను. ఒత్తిడి యెక్కువైనను ద్రవము నిర్దుష్టముగా నుండవలెనను నియమమును 1937లో అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ వ్యాధిలక్షణములలో చేర్చెను.

నేటికిని తీర్పు చెప్పునది ఆ ద్రవమే. పీడనము 25 సెంటీమీటర్ల నీటిమట్టమును మించియు, కణములు, ప్రోటీను, చక్కెర సహజముగా నున్నచో మిథ్యాకంతియని తలపవచ్చును. లింఫోసైట్ కణములు పదులు వందలుగా నుండి చక్కెర తగ్గకున్నచో వైరసును, చక్కెర పడిపోయి ప్రోటీను మిక్కిలి పెరిగినచో క్షయను శంకింపవలెను. సిరలోని గడ్డను పట్టుటకు సిరల స్కానింగు వేఱుగా కావలయును. ఒత్తిడి మాత్రమే కొలిచి కణములను లెక్కింపని పరీక్ష సగము పరీక్షయే యని నా యభిప్రాయము. ఏలయన వైరసు వాపు పెక్కుమందిలో వారము పదిదినములలో తనంతనే తగ్గును, క్షయకు మందు ఆలసించినచో ప్రాణహాని, పీడనము నుపేక్షించినచో చూపే పోవచ్చును.

వెన్నులో నీరు తీసినచో కాళ్లు పడిపోవునని మన యిండ్లలో నొక భయము గలదు. కాని పెద్దలలో వెన్నుపాము ముగిసిన తావునకు దిగువనే సూదిని గ్రుచ్చుదురు. పిమ్మట కొందఱికి కొన్నాళ్లు తలనొప్పి మాత్రముండవచ్చును. కావున స్కానింగు చూచి, కంతి లేదని నిశ్చయించుకొని, వైద్యుడు నీరు తీయవలెనన్నప్పుడు, పాఠకులారా, అడ్డుపడకుడు.