55 ఏండ్లవారి ఊరు

వృద్ధాప్యమున ఎచట నివసింపవలెననునది ప్రతి కుటుంబమునను ఒకనాడు తలయెత్తు ప్రశ్న. అమెరికా దేశమున కొందరు దీనికి కనుగొనిన సమాధానము, పెద్దవయసు వారి కొరకే ఏర్పడిన ఊరు. బిడ్డల చెంతకు పోయి అచటనే స్థిరపడిన మన పెద్దలకును ఈ యాలోచన కలుగవచ్చును గనుక, దీని మంచి చెడ్డలను విచారింతము.

ఆరిజోనా రాష్ట్రమున 1954లో యంగ్‌టౌన్ అను ఊరు ఇట్లు వెలసెను. దాని పొరుగుననే, 1960 జనవరి 1వ తేదీన, డెల్ వెబ్ అను గృహనిర్మాత సన్ సిటీని ప్రారంభించెను. గోల్ఫు మైదానము, ఈతకొలను, చేతిపనుల శాలలు, అన్నిటిని మించి సమవయస్కుల సాంగత్యము అచటి ఆకర్షణలు. ఒంటరితనమునకు ఇది మంచి మందేయని మేమును ఒప్పుకొందుము.

ఇక చట్టము మాట. పిల్లలున్నారను కారణమున ఎవరికిని ఇల్లు నిరాకరింపరాదని 1988లో అమెరికా ప్రభుత్వము శాసించి, వృద్ధుల నివాసములకు మాత్రము మినహాయింపు నిచ్చినది. అందులకు, జనులు కాపురమున్న ఇండ్లలో నూటికి 80 ఇండ్లనైనను, ఇంటికొకరు 55 ఏండ్లు నిండినవారుండవలెను. మిగిలిన ఇండ్ల సంగతి సంఘమువారి యిష్టము. కావున చట్టముతోపాటు సంఘపు నిబంధనలనుగూడ తప్పక చదువవలెను. వృద్ధులకు ప్రత్యేక సౌకర్యములు కల్పింపవలెనను షరతు 1995లో తొలగిపోయినది. ఇట్టి ఊరు శుశ్రూషాలయమని భ్రమపడరాదు.

యంగ్‌టౌన్‌లో జరిగిన దానిని గమనింపుడు. 1990ల దశకమున ఒక బాలుడు తన ఇంట బాధలు పడలేక, అచటనున్న తాత అవ్వల పంచకు చేరెను. ఊరివారు వయోనియమమును చూపి అభ్యంతరము చెప్పిరి. వివాదము ముదిరి, 1998లో ఆ ఊరి నియమమే తొలగిపోయెను. కాని ప్రతిచోటను కథ ఇట్లే ముగియదు.

కావున సంతకము చేయుటకు ముందు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. మనుమలు వచ్చినచో ఎన్ని దినములు ఉండవచ్చును? దంపతులలో పెద్దవారు గతించినచో, 55 ఏండ్లు నిండని రెండవవారు ఉండవచ్చునా? నెలసరి రుసుము ఎంత, దానిని పెంచు అధికారమెవరిది? కారు నడుపలేని నాడు వైద్యుని యొద్దకు పోవుటెట్లు? వీలైనచో కొన్ని నెలలు అద్దెకుండి చూచుట మేలు.

ప్రశాంతతను కోరువారికి అట్టి ఊరు సుఖమీయవచ్చును. కాని కష్టకాలమున మనుమడు వచ్చి తలుపు తట్టినచో దానిని తెరచు స్వేచ్ఛ తమకుండునో లేదో ముందే తెలిసికొనుట వివేకము.